మూతపెట్టి తీసిన ఫోటో

రోహిణి కార్తె ఐదో రాత్రి.
తొమ్మిదిన్నర దాటినా
విద్యాధరపురం కొండరాయి
పగలంతా మింగిన ఎండని
నెమ్మదిగా కక్కుతూనే ఉంది.
డాబా మీద అరికాళ్ళకి గచ్చు ఇంకా చురుక్కుమంటోంది.

రోళ్ళు పగిలే రోజులకి పేరిచ్చిన ఆ చుక్క
ఈ రోజుల్లో కనపడనే కనపడదు.
సూర్యుడు దాని ఇంట్లోనే బైఠాయించాడు మరి.
నేను వెతికేది వేరొకటి.
చిత్తకి పడమటి పక్కన,
చెయ్యి చాస్తే పిడికిలంత ఎడంలో,
కంటికి అందని ఒక మసక.
దాని వెలుగు బయల్దేరి మూడు కోట్ల ఏళ్ళు.

కెమెరా లోపల ఒక సిలికాన్ బిళ్ళ.
వెలుతురు తగిలితే ఎలక్ట్రాన్ ఒకటి ఉలిక్కిపడి లేస్తుంది,
లేచినవాళ్ళని లెక్కపెట్టడమే దాని కొలువు.
వేడి తగిలినా లేస్తుంది.
ఎవరు లేపారో లేచినదానికి తెలీదు,
లెక్కపెట్టేదానికీ తెలీదు.
ఆరేడు డిగ్రీలు ఎక్కిన ప్రతిసారీ
ఉత్తుత్తి లెక్క రెట్టింపు.
ముప్పై ఏడు డిగ్రీల రాత్రిలో
నా మసక
ఉప్పు బస్తాలో పంచదార పలుకు.

కాలేషాకి ఫోన్ చేశాను.
ఆటోనగర్లో ఫ్రిజ్జులు బాగుచేస్తాడు,
మా కాలేజీ ల్యాబులో వాటర్ కూలర్ మొరాయిస్తే
వచ్చేదీ అతనే.
"చుక్కలకి కూడా ఏసీ కావాలా సార్?"
"చుక్కలకి కాదయ్యా, చూసే కంటికి."

ముప్పావుగంటలో దిగాడు.
ఎవరిదో కారు ఫ్రిజ్జులోంచి పీకిన కూలింగ్ బిళ్ళ,
చేపల తొట్టి పంపు, రెండు గజాల గొట్టం,
గోనెలో చుట్టిన, ఊక అంటిన ఐసు దిమ్మ.
మా పెద్దది బీసెంట్ రోడ్డు చెప్పుల పెట్టెల్లో ఏరి దాచిన
సిలికా జెల్ పొట్లాలు తెచ్చి ఇచ్చింది,
చల్లబడితే అద్దానికి చెమట పడుతుందని.

ఆ బిళ్ళకి ఒక మొహం మంచు, ఒక మొహం సెగ.
సెగ మొహాన్ని ఐసునీళ్ళు కడుగుతుంటే
అంకె దిగింది. ఇరవై. తొమ్మిది. సున్నా.
సున్నా కింద నాలుగు.
కాలేషా క్రికెట్ స్కోరు చదివినట్టు చదివాడు.

ఒక ఫోటో తీశాక
కటకానికి మూతపెట్టి అంతసేపే ఇంకొకటి మొదలెట్టాను.
"మూతపెట్టి ఏం తీస్తారు?"
"దాని సొంత గొడవ. తర్వాత తీసివేత లెక్క."

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.
పంపు ఆగింది. అంకె ఎగబాకింది, పద్నాలుగు, ముప్పై.
ల్యాప్‌టాప్ తెర మీద
మూత కింద, చిమ్మచీకట్లో,
ఒక్క కిరణమైనా లోపలికి రాకుండా
ఆకాశం నిండా చుక్కలు!
ఎర్రవి, నీలంవి, పుట్ట పగిలిన చీమల్లా.

కాలేషా కిందికి పరిగెత్తి
ట్రాలీ ఆటో బ్యాటరీ ఊడదీసుకొచ్చాడు.
వైర్లు బిగిస్తూ, నా వైపు చూడకుండా,
"మనిషికి ఎక్కడ పెడతారు సార్ మూత?
మొన్న మిట్టమధ్యాహ్నం కంప్రెసర్ కోసం ఊరంతా తిరిగొచ్చి
మా తమ్ముడి మీద చెయ్యెత్తాను.
వాడేం చేశాడో ఇప్పటికీ గుర్తు రావట్లా."
నా దగ్గర జవాబు లేదు.
పంపు మళ్ళీ బుడబుడలాడింది.

పన్నెండు దాటాక, తీసివేత అయ్యాక,
తెర మీద మిగిలింది
అడ్డంగా సన్నటి గీత, నడుమ కాస్త ఉబ్బు.
"ఇంతేనా?"
"ఇంతే."
"మూడు కోట్ల ఏళ్ళు నడిచొచ్చి ఇంతేనా!"
కరగ్గా మిగిలిన ఐసు ముక్కకి ఊక కడిగి
మెడ వెనక పెట్టుకున్నాడు,
సగం విరిచి నాకిచ్చాడు.

వెళ్ళేముందు ఫోటో అడిగాడు.
గీతది కాదు, ఆ రెండోది.
ఇప్పుడది ఆటోనగర్లో, గ్యాస్ సిలిండర్ల పైన,
మేకుకి వేలాడుతోంది.
ఎక్కడి చుక్కలివి అని ఎవరన్నా అడిగితే
స్పానర్ దించకుండానే చెబుతాడు
"బెజవాడవే."